వాహన మెవరిది?

వహించునది గావున వాహన మనిరి. ఏటేట బడిపిల్లలకు మేము చెప్పెడి వ్యుత్పత్తి యిది. కాని మా యింటి వసారాలో నిలిచియున్న వాహనమును చూచినవారికి, ఎవరు ఎవరిని వహించుచున్నారో యను సందేహము కలుగక మానదు. అది సముద్రము దాటి వచ్చిన మోటారు సైకిలు. బరువు 300 కిలోగ్రాములకు పైమాట. ఇంజను 1,600 సి.సి. ముందుచక్రము దూరముగా చాచుకొని, పీట పల్లముగా దిగి, ఎక్కినవాడు పడక కుర్చీలో పత్రిక చదువువానివలె వెనుకకు వాలి కూర్చుండవలసిన యమరిక. నిలిచియున్నప్పుడు దాని రెండు సిలిండర్ల చప్పుడు, ఇద్దరాడువారు ఒకే రోటిలో మార్చి మార్చి దంచినట్లుండును. ఇట్టి తెగను క్రూయిజరు లందురు. తొందరలేక, వెడల్పైన దారులలో, దూరప్రయాణము చేయుటకై వీనిని కల్పించిరి. మా వీథి వెడల్పు పదునాలుగడుగులు.

దీనిని కొన్నవారము మేము కాము. కొనగల జీతము బడిపంతులకు ఏ ప్రభుత్వమును ఇయ్యలేదు. మా బావమఱది, అనగా మా గృహిణికి తోడబుట్టిన తమ్ముడు, హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచుండగా 2010లో కొనెను. అప్పటి కాతనికి పెండ్లి కాలేదు. జీతము పెద్దది; చెప్పువారు లేరు. 2019లో ఆతడు ఉద్యోగమునకై విదేశమునకు పోవుచు బండిని నంద్యాలకు తెచ్చి మా వసారాలో నుంచి పోయెను. రెండేండ్లు గడచినవి. ఇక నక్కడనే స్థిరపడునని తేలినది. అప్పు డక్కకు ఫోనులో నిట్లు వ్రాసి పంపెను: "అక్కా, బండి నీకే ఇచ్చేసినా. అమ్ముకున్నా ఉంచుకున్నా నీ ఇష్టం. కాగితాలు బావ పేరు మీద పెట్టించుకోండి."

ఈ మూడు వాక్యములలో మొదటి రెంటికిని మూడవదానికిని గల విరోధమును వ్రాసినవాడు గమనింపలేదు. చదివిన బంధువులలోను ఒక్కరు గమనింపలేదు. అందఱును మంచివారే, అందఱును చదువుకొన్నవారే. మేము చెప్పదలచినది ఆ విరోధమును గూర్చియే.

నంద్యాలలో ఈ బండిపై గాంధీ చౌకు దాటుటకు, నడచి దాటుటకంటె నెక్కువ కాలము పట్టును. మా పట్టణము 2022 ఏప్రిలులో జిల్లా కేంద్రమైన పిమ్మట జనసమ్మర్దము మఱింత హెచ్చినది. నిలిచిన చోటనెల్ల ప్రశ్నలు. "ఎంత సార్?" అని యొకడు. "లీటరుకు ఎంతిస్తాది?" అని రెండవవాడు. "ఎంత స్పీడు పోతాది?" అని మూడవవాడు. మొదటి ప్రశ్నకు మేము చిఱునవ్వు నవ్వి యూరకుందుము. రెండవదానికి పదునెనిమిది కిలోమీటర్లని చెప్పినప్పుడు అడిగినవాని మొగమున అంతకు ముందున్న గౌరవము పోయి జాలి తోచును. పాపము, వాడు అఱువది యిచ్చు బండిపై కాలు మోపి నిలిచియుండును. మూడవదానికి "బడి దాకా పోతుంది" అని చెప్పుదుము. ఈ మూడు ప్రశ్నలను లెక్కకు మిక్కిలిగా వింటిమి. "ఎవరిది సార్?" అని అడిగినవారు మాత్రము, ఒక్క తొమ్మిదవ తరగతి బాలిక తప్ప, ఎవరును లేరు. మీసములున్నవాడు మీద కూర్చుండియుండగా ఆ ప్రశ్నకు తావెక్కడిది?

వెల మాట వచ్చినది గావున దాని కథ కొంత చెప్పవలెను. ఇది మా జిల్లాతో ముడిపడిన కథయే. అమెరికాలోని మిల్వాకీ పట్టణమున 1903లో పుట్టిన హార్లీ డేవిడ్‌సన్ సంస్థ తన పెద్ద బండ్లను మన దేశమున నమ్ముకొన గోరెను. మన దేశము తన మామిడిపండ్లను అమెరికాలో నమ్ముకొన గోరెను. పండ్లతో పురుగులు వచ్చునను భయముచేత 18 ఏండ్లుగా వారు మన మామిడిని రానిచ్చుటలేదు. మనవారు వారి బండ్లను రానిచ్చుటలేదు. తుదకు బేరము కుదిరినది. 2007 ఏప్రిలులో, పురుగు చచ్చునట్లు కిరణములు సోకించిన మామిడిపండ్లు విమానమెక్కి అమెరికా చేరినవి. అదే యేట బండ్లకు దారి తెఱచిరి. మొదట పోయినవి పడమటి సీమ పండ్లు. మన బనగానపల్లె పండునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది 2017లో. ఆ బనగానపల్లె యిప్పుడు మా జిల్లాలోనిదే. మామిడితోటలవా డెవడైన మా బండిచుట్టు తిరిగి చూచునప్పుడు, "నీ పండు పోయినది, ఇది వచ్చినది" అని చెప్పవలెనని మాకు తోచుచుండును.

దారి తెఱచిరి గాని సుంకము తీయలేదు. పరదేశమున పూర్తిగా తయారై వచ్చిన బండికి కస్టమ్సు సుంకమును తక్కిన పన్నులును చేరి, ఓడ దిగినంతనే వెల యిబ్బడి యయ్యెడిది. సంస్థ 2009లో ఇక్కడ శాఖ నేర్పరచి, 2010లో అమ్మకమునకు దిగి, 2011లో హర్యానాలోని బావల్ వద్ద విడిభాగములు తెచ్చి కూర్చు పని మొదలిడినది. 2018 ఫిబ్రవరిలో ఇట్టి బండ్లపై సుంకమును నూటికి 50కి తగ్గించిరి. అమెరికా అధ్యక్షుడు ట్రంపు అదియు చాలదని సభలలో పలుమాఱు ఎత్తిపొడిచెను. 2025 బడ్జెటులో 1,600 సి.సి.కి మించినవానిపై 30కి, అంతకు లోబడినవానిపై 40కి తగ్గించిరి. అదే యేడు సెప్టెంబరు 22 నుండి 350 సి.సి.కి మించిన యెల్ల మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి.ని 40 చేసిరి. అంతకు ముందు సెస్సుతో కూడ 31గా నుండెను. ఎడమచేత దించినదానిలో కొంత కుడిచేత నెత్తిరి. విలాసవస్తువుపై పన్ను వేయుట మాకు సమ్మతమే. ఒక్క చిక్కు మాత్రము కలదు. పన్నువలన వెల పెరిగిన వస్తువునకు ఆ వెలయే యలంకారమగును. బండి యెంత మంచిదో తెలియనివాడును ఎంత వెలయో తెలిసికొని సంతోషించును. "ఎంత సార్?" అను ప్రశ్న తక్కిన రెంటికంటె ముందు వచ్చుటకు కారణ మిదియే.

ఇంతటి వైభవముతో వచ్చిన సంస్థ, 2020 సెప్టెంబరులో, ఇక్కడ తానుగా తయారుచేయుటయు అమ్ముటయు మానుకొందు నని ప్రకటించి, మఱుసటి నెలలో హీరో సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. ఏటికి కోటికి మించి ద్విచక్రవాహనములు అమ్ముడుపోవు దేశమున, ఇట్టి పెద్దవానిని కొన్నవారు వేలలోనే యుండిరి. ఆ వార్త వినబడిన నాటినుండి, ఏ దేశపుదైనను ఏ పేరుదైనను, పాత పెద్ద బండి కొనుటకు జనులు జంకజొచ్చిరి. మా బావమఱదికి బండి నమ్ముటకంటె నిచ్చుట సులభమైనది. దానమునకు ఇట్టి కారణములును ఉండును. అందుచే దాని విలువ తగ్గదు.

మా స్వగ్రామము అల్లగడ్డ. నంద్యాలనుండి దక్షిణముగా, శిరివెళ్ల మీదుగా, నలువదవ నెంబరు జాతీయ రహదారిలో ఇంచుమించు నలువది కిలోమీటర్లు. మా తల్లియు అన్నయు అక్కడ నున్నారు. నెలకు రెండు మూడు ఆదివారములు ఈ బండిపై పోయి వచ్చుచున్నాము. ఉదయము ఆరు గంటలకు బయలుదేరినచో ఎడమవైపున నల్లమల కొండలు నీలముగా నిలిచియుండును. దారికిరువైపుల వరిచేలు, అక్కడక్కడ కాలువ గట్లు, చల్లని గాలి. బండి డెబ్బది కిలోమీటర్ల వేగమున, ఏ యాయాసమును లేక, దంపుడు చప్పుడుతో పోవుచుండును. ఆ యొక్క గంట యీ వాహనము చేయబడిన ప్రయోజనమును నెఱవేర్చును. మాకు ఆ గంట యన్నచో మిక్కిలి యిష్టము. ఇది ముందుగనే చెప్పుట మంచిది. లేకున్న, అందని ద్రాక్షలను గూర్చి వ్రాసెనని చదువరులు తలంపవచ్చును. తిరుగు ప్రయాణము పదింటికి. వేసవిలో మా నంద్యాల యెండ నలువది మూడు, నలువది నాలుగు డిగ్రీలకు పోవును. గాలికి చల్లబడవలసిన యింజను మోకాళ్ల నడుమ నుండగా, ఏ గాలి దేనిని చల్లపఱచునో దేవునికే యెఱుక.

అల్లగడ్డ యనగానే అహోబిలము జ్ఞప్తికి వచ్చును. మా చిన్ననాట దేవాలయమున గరుడవాహనము, హనుమద్వాహనము, శేషవాహనము చూచుటకు పోయెడివారము. ఏడాది పొడుగున అవి ముసుగులో నుండును. ఉత్సవమునాడు తుడిచి, పూలు కట్టి, స్వామిని కూర్చుండబెట్టి, ఇరువదిమంది భుజములకెత్తుకొందురు. చూచువారు చేతులు జోడింతురు. మోటారు సైకిలునకు కప్పిన టార్పాలిను నాదివార ముదయమున తీయునప్పుడెల్ల మాకు ఆ మండపమే తలపునకు వచ్చును. అయితే మా అహోబిలస్వామికి వేఱొక మర్యాదయు కలదు. సంక్రాంతి తర్వాత పారువేట యని, పల్లకిలో నెలకు మించి యూరూర తిరిగి, తన పెండ్లికి జనులను తానే పిలుచుకొని వచ్చును. జనులు తనయొద్దకు రావలెనని కూర్చుండడు. వాహనమెక్కినవాడు ఎదుటివాని గుమ్మము కడకు పోయి దిగవలెనన్న మర్యాదను ఆ పల్లకి మా సీమకు నేర్పియే యున్నది. నేర్చుకొన్నవారు తక్కువ.

ఏలయన, మా సీమలో పెద్ద యింజను చప్పుడునకు వేఱొక యర్థముండెడిది. బుల్లెట్టు మోటారు సైకిలును 1955 నుండి మద్రాసులో తయారుచేయ నారంభించిరి. మా బాల్యమున, అనగా 1980ల కడపటను 1990లలోను, అల్లగడ్డ వీథిలో బుల్లెట్టు వచ్చెనన్నచో పోలీసు ఇన్‌స్పెక్టరో, కాంట్రాక్టరో, పెద్ద రైతో, ఆ పెద్ద రైతు మనిషియో వచ్చెనని యర్థము. దాని వెనుక జీపు వచ్చినచో వీథిలో తలుపులు మూసెడివారు. పైనున్నవాడు మంచివాడో చెడ్డవాడో వీథికి తెలియదు. చప్పుడునకే అరుగుమీదివారు లేచి నిలుచుండెడివారు. నీళ్లు మోయు నాడువారు గోడకు జరిగెడివారు. కక్షలతో మా ప్రాంతము పడిన బాధ అందఱెఱిగినదే. దానిని తిరిగి తవ్వుట మా యభిమతము కాదు. ఆ కాలము చాలవఱకు గడచినది. కాని చెవులకు జ్ఞాపక ముండును.

2021లో మొదటిసారి ఈ బండిపై మా యింటి ముందు దిగినప్పుడు, మా తల్లి లోపలినుండి రాలేదు. తలుపు దగ్గఱగా వేసియుండెను. మేము పిలిచిన తర్వాత వచ్చి, బండిని చూచి, మమ్ము చూచి, "నువ్వా నాయనా! ఆ చప్పుడు వింటే తలుపేసుకోబుద్ధయితాది రా" అనెను. వెల యెంతయని యడుగలేదు. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. నాటినుండి వీథి మొదటనే ఇంజను ఆపివేయుచున్నాము. ఆపినచో నెట్టవలెను, 300 కిలోగ్రాములను ఒక పంతులు నెట్టలేడు. మా వీథి మలుపున శిల్పుల పనిపాక యున్నది. అల్లగడ్డ రాతిశిల్పులు పేరుపొందినవారు. విగ్రహములను కదల్చినవారికి ఇదియొక బరువా! ఇద్దఱు కుఱ్ఱవాండ్రు ఉలులు క్రిందబెట్టి వచ్చి, వెనుకనొకడు ప్రక్కనొకడు పట్టి, మాట్లాడుకొనుచు నింటి దాక నెట్టుకొని పోదురు. వారును మొదటి దినము "ఎంత సార్?" అనిరి, తర్వాత మానిరి.

ఇక కాగితముల సంగతి. బండి తెలంగాణలో నమోదైనది. అక్కడినుండి నిరభ్యంతర పత్రము, ఇక్కడ జీవితకాలపు పన్ను, ఇచ్చువాడు వ్రాయు 29వ ఫారము, పుచ్చుకొనువారు వ్రాయు 30వ ఫారము. ఈ 30వ ఫారములో యజమాని పేరున్న చోట మేము మా గృహిణి పేరు వ్రాసితిమి. కార్యాలయమున ఆ కాగితమును చూచిన గుమస్తా కలము దించి, "మేడమ్ నడుపుతారా సార్?" అని యడిగెను. నడుపనక్కఱలేదని, యజమానికి లైసెన్సు ఉండవలెనని యే చట్టములోను లేదని చెప్పితిమి. "లేదనుకోండి, కానీ బండి గదా!" అనెను. మా అన్నకు ఈ మాట తెలిసి ఫోను చేసెను: "ఇల్లు ఆమె పేరు మీద పెట్టు, స్థలం పెట్టు, ఎవరు వద్దన్నారు? బండి పెడతారారా ఎవరైనా?" అన్నమాట నిజమే. పన్నునకు దాచవలసినప్పుడు స్థలములు ఆడువారి పేర మారును. పంచాయతి స్థానము ఆడువారికి కేటాయించినప్పుడు సర్పంచి పదవియు వారి పేర నుండును. కుర్చీలో కూర్చుండువాడు వేఱు. పేరు మాత్రమే కావలసిన చోట వారి పేరు వ్రాయుదురు. వస్తువు వీథిలో కనబడు చోట వ్రాయరు.

అన్నకు మేము ధర్మశాస్త్రము చెప్పితిమి. సంస్కృతము చదివినందుకు అప్పుడప్పుడు ఉపయోగము కలుగవలెను గదా. మనుస్మృతి నవమాధ్యాయమున స్త్రీధనము ఆఱువిధములని చెప్పబడినది. అందు అన్నదమ్ములవలన లభించినది యొకటి. స్త్రీకి స్వాతంత్ర్యము తగదన్న మాటయు ఆ యధ్యాయముననే యున్నది. ఆ మాటను కంఠస్థము చేసినవారు పెక్కుమంది, ఈ మాటను తెలిసినవారు కొందఱు. కాత్యాయనుడు మఱింత స్పష్టముగా, ఆ ధనమును తీసికొనుటకుగాని యిచ్చివేయుటకుగాని భర్తకును, కుమారునకును, తండ్రికిని, సోదరులకును అధికారము లేదనెను. స్మృతులు మాకు ప్రమాణము కావు. కాని స్మృతుల పేరు చెప్పి యడ్డుపడువారికి స్మృతులతోనే జవాబు చెప్పుట మా పెద్దల పద్ధతి. ప్రమాణము కావలెనన్నచో 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాలుగవ సెక్షను కలదు. స్త్రీకి దానముగా వచ్చిన యాస్తి, చరమైనను స్థిరమైనను, సంపూర్ణముగా నామెదే. కూతునకు పుట్టుకతోనే పిత్రార్జితమున సమభాగము నిచ్చు చట్టమును దేశమంతటికి 2005లో చేసిరి. మన ఆంధ్రదేశమున 1986లోనే చేసియుండిరి. ఇన్ని చట్టములు గల రాష్ట్రమున ఒక మోటారు సైకిలు మీద ఆడుదాని పేరు వ్రాయుట వింతయైనది. అన్న అంతయు విని, "నీ యిష్టం" అనెను.

మా గృహిణి నంద్యాలకు వెలుపలి పల్లెలో ప్రభుత్వ వైద్యశాలయందు నర్సు. ఉదయము ఏడింటికి షేరు ఆటో. ఏడుగురు పట్టు దానిలో పదిమంది; వెనుక బడిపిల్లల సంచులు. ఆమె అందు ఒక మూల నొదిగి పోవుచుండగా, ఆమె సొత్తైన యీ వాహనము వసారాలో టార్పాలిను కప్పుకొని నిద్రించుచుండెడిది. మేము వెనుక కూర్చుండబెట్టుకొని పోరాదా యని చదువరు లడుగవచ్చును. వెనుకపీట తమలపాకంత. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది, వెనుక కూర్చుండువారికి పట్టుకొను పిడియు, కాలు మోపు మెట్టును, బట్టలు చక్రమున జిక్కకుండ సగము చక్రమునకు తక్కువ గాని కప్పును ఉండవలెనని చెప్పుచున్నది. మన దేశపు చీరను, ఓణీని తలచుకొని వ్రాసిన మంచి నియమమిది. ఆ కప్పును బండి యందము చెడునని ఎవరో ఎప్పుడో ఊడబెఱికియుండిరి. మేము శ్రీనివాస సెంటరు దగ్గఱి వెల్డింగు పనివానిచేత క్రొత్తది చేయించి తగిలించితిమి. హైదరాబాదునుండి వచ్చిన యొక బండ్ల రసికుడు దానిని చూచి, చిత్రపటమునకు మేకు కొట్టినట్లు బాధపడెను. ఆమె రెండుసార్లు వెనుక కూర్చుండి వచ్చినది. రెండవసారి దిగి, పొగగొట్టపు వేడికి కాలు నొక్కుకొనుచు, "ఇది పెండ్లి కాని వాని బండండీ" అనెను. కొన్న వాని చరిత్రమును చూచినను, పీట కొలతను చూచినను, ఆ మాటలో దోషము లేదు.

2025లో బండికి పదునైదేండ్లు నిండినవి. నమోదు తిరిగి చేయింపవలెను, బండిని చూపవలెను, యజమాని సంతకము కావలెను. ఆమె సెలవు పెట్టి మాతో వచ్చినది. తనిఖీ చేయు నధికారి మర్యాదస్థుడు. కాగితము చూచి, మా వంక చూచి, తిరిగి కాగితము చూచి, "ఓనరు ఎవరండీ?" అనెను. ఆమె ముందుకు వచ్చి, "నేనే" అనెను. నాలుగేండ్లలో ఆ మాట ఆమె నోట పైకి వినబడుట అదే ప్రథమము. ఇంటికి వచ్చిన తర్వాత కాఫీ యిచ్చుచు, "దీన్ని అమ్మేస్తానండీ" అనెను. "అమ్మేద్దామా" అనలేదు. మేము ఆ క్రియాపదమును గమనించితిమి. వ్యాకరణము మా వృత్తి.

మా మనస్సు చివుక్కుమన్నది. ఆదివారపు కొండలు, చల్లగాలి కన్నులయెదుట నిలిచినవి. కారణము లేకపోలేదు. మా యమ్మాయి యింటరు రెండవ సంవత్సరము. పైచదువు ఖర్చు నెత్తిమీద నున్నది. బండియొక్క భీమా, టైర్లు, బ్యాటరీ, ఏడాదికొకమాఱు హైదరాబాదునకు పోయి చేయింపవలసిన మరమ్మతు, ఇవన్నియు చేరి మా నెలజీతములో ఒక వంతును మ్రింగుచున్నవి. మేము మాఱుమాటాడలేదు. మాటాడుటకు మాకు హక్కు లేదు. కోరిక మాత్రమున్నది, హక్కు వేఱు. అసలు చిక్కు ఆమె తమ్మునితో వచ్చినది. "నా గుర్తుగా ఉంచుకోండక్కా, అమ్మడమేంది?" అని యాతడు ఫోనులో నొచ్చుకొనెను. "నా ఇష్టమని నువ్వే రాస్తివి గదరా" అని యామె. కొంతసేపు ఇరువైపుల మౌనము. ఇచ్చినవాడు ఇచ్చిన తర్వాతను వస్తువును చేతితో పట్టుకొనియే యుండుట దానములలో సామాన్యము. ఆఖరున నాతడు, "సరేలే అక్కా, మంచి ఇంట్లో పడేట్టు చూడు" అనెను. ఆడపిల్ల నిచ్చునట్లు.

ఈ దినములలోనే ఆ బాలిక ప్రశ్న. మధ్యాహ్నపు విరామమున బండిచుట్టు మగపిల్లలు మూగి సెల్‌ఫోనులో బొమ్మలు తీసికొనుచుండిరి. ఆడపిల్లలు ఎడముగా నిలుచుండిరి. వారిలో నొకతె దగ్గఱకు వచ్చి, "సార్, ఇది మేడమ్ గారిదంట గదా? మా అమ్మ ఆస్పత్రిలో విన్నాదంట" అని యడిగెను. అవునంటిమి. "అయితే మేడమ్ గారు మీకు ఇస్తారా సార్, నడపడానికి?" అని రెండవ ప్రశ్న. ఆదివారము లిచ్చునని చెప్పితిమి. పిల్ల తృప్తిపడి పోయెను. మగపిల్లలలో ఒకనికి ఈ సమాధానము బొత్తిగా రుచింపలేదు. మా బడిలో పదునాఱేండ్ల వాండ్రు సైలెన్సరు మార్చిన బండ్లపై తిరుగుట మేము ప్రతిదినము చూచుచున్నాము. వారు మా బండిని చూచి నేర్చుకొనవలసిన దేదైన నున్నచో, ఆ బాలిక యడిగిన రెండవ ప్రశ్నయే.

పోయిన మాసమున బెంగుళూరునుండి ఒక కొనుగోలుదారు వచ్చెను. ముప్పదియైదేండ్లవాడు, ఇట్టి బండ్లపై ప్రేమ గలవాడు. తిరిగి చూచి, వంగి చూచి, ఇంజను విని, వెల్డింగు కప్పును చూచి కొంచెము నవ్వి, మా యెదుట కూర్చుండి ఒక మొత్తము చెప్పెను. యజమాని అయిదింటికి వచ్చునని మేము చెప్పితిమి. ఆతడు వేచియుండెను. ఆమె వచ్చి, కాళ్లు కడుగుకొని, తన మొత్తము చెప్పినది. ఆతడు మా వంక తిరిగి, "సార్, మీరైనా చెప్పండి" అనెను. "మేము డ్రైవరము" అంటిమి. ఆమె కూతుని కళాశాల ఫీజులు వ్రాసికొన్న కాగితమును చూచుకొని, ఒక్క రూపాయియు దిగలేదు. ఆతడు ఆలోచించి చెప్పెద నని పోయెను. మొన్న ఫోను చేసి ఏబదివేలు పెంచెను. ఆమె యింకను ఒప్పుకొనలేదు.

ఈలోగా ఆమె తన జీతముపై అప్పు తీసికొని 110 సి.సి. స్కూటరు ఒకటి కొన్నది. బరువు నూటిపై నాలుగైదు కిలోగ్రాములు. ఇరువది దినములలో నేర్చినది. నేర్పినది మా అమ్మాయి. ఏడింటికి బదులు ఏడున్నరకు బయలుదేరి, షేరు ఆటోకంటె ముందుగ వైద్యశాల చేరుచున్నది. తోడి నర్సు ఒకామె వెనుక కూర్చుండి వచ్చును. దారిలో వీరి నెవరును ఆపి వెల యడుగలేదు. వసారా యిరుకైనది. పెద్దబండిని లోపలి గోడకు జరిపి స్కూటరును ముందు పెట్టుచున్నారు. ఆదివారము అల్లగడ్డకు పోవలెనన్నచో మొదట స్కూటరు తీయవలెను. దాని తాళపుచెవి ఆమె సంచిలో నుండును.